ఒక్క దీపమా, పది లైట్లా? యానిమేషన్ సీన్‌కి వాతావరణం తెచ్చే ఎంపికలు

రాత్రి. చిన్న గది. కిటికీ పక్కన కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉత్తరం చదువుతోంది. బల్ల మీద లాంతరు, కిటికీ బయట వెన్నెల. సీన్ ఇంతే. నిడివి పది సెకన్లు.

ఈ షాట్ మొదటిసారి చేసినప్పుడు గదిలో పదకొండు లైట్లు పెట్టాను. ముఖానికి ఒకటి, జుట్టుకి ఒకటి, వెనక గోడ మరీ నల్లగా ఉందని ఒకటి, పుస్తకాల అర కనబడటం లేదని ఇంకొకటి... ఇలా పెంచుకుంటూ పోయాను. అన్నీ స్పష్టంగానే కనిపించాయి. కానీ అది రాత్రిలా లేదు, ఆ అమ్మాయి ఒంటరిగా ఉన్నట్టూ లేదు. గదిలోని సామానంతా ఒక్కసారిగా ‘నన్ను చూడు, నన్ను చూడు’ అంటున్నట్టు ఉంది. మర్నాడు ఒక్కో లైటూ ఆపుతూ వచ్చాను. ఆపిన ప్రతిసారీ ‘ఇది లేకపోతే కథకి ఏం లోటు?’ అని చూసుకున్నాను. చివరికి రెండే మిగిలాయి, లాంతరూ వెన్నెలా. అప్పటికిగానీ ఆ గదిలోకి రాత్రి రాలేదు.

వాతావరణం ఉన్న సీన్ చేయాలనుకునే ప్రతివాళ్లకీ కొన్ని చోట్ల రెండు మూడు దారులు ఎదురవుతాయి. ఏ దారి ఎప్పుడు మేలో ఇదే గదిని పట్టుకుని చెబుతాను. ఉదాహరణలు బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోవి. మీరు వేరే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా లెక్క ఇదే.

ముందు చీకటి ఎక్కడో తేల్చుకోండి

చాలామంది ‘లైట్ ఎక్కడ పెట్టాలి’ అన్న దగ్గర మొదలుపెడతారు. చీకటి ఎక్కడ ఉండాలన్న దగ్గర మొదలుపెడితే పని సగం తగ్గుతుంది. కాగితం మీద అగ్గిపెట్టెంత డబ్బాలు ఆరు గీసి, నలుపు, బూడిద, తెలుపు మూడింటితోనే సీన్‌ని ఆరు రకాలుగా నింపండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. ఆ సైజులో కూడా అమ్మాయి ఎక్కడుందో కంటికి ఆనితే ఆ అమరిక పనికొస్తుంది.

ఇక్కడ ఎంపిక రెండు రకాలు. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం చీకటి, కొంచెం వెలుగు ఉంటే దాన్ని లో కీ అంటారు. ఎక్కువ భాగం తెలుపు, అందులో చిన్న నల్లటి ఆకారం ఉంటే హై కీ. రహస్యం, ఎదురుచూపు, భయం, ఇద్దరి మధ్య మాత్రమే ఉండే మాట లాంటివాటికి లో కీ బాగుంటుంది. జ్ఞాపకం, శూన్యం, మంచు, చాలా దూరం అనిపించాల్సిన చోట హై కీ బాగుంటుంది. వాతావరణం అనగానే అందరికీ చీకటే గుర్తొస్తుంది. కానీ తెల్లటి పొగమంచులో ఒక్క మనిషి నడుస్తుంటే కలిగే ఒంటరితనం ఏ చీకటి గదికీ తీసిపోదు.

రెండింట్లోనూ ఒక సుఖం ఉంది. లో కీలో చీకటిలో ఉన్న వస్తువుని మోడల్ చేయక్కర్లేదు, హై కీలో మంచు మింగేసిన నేపథ్యాన్ని గీయక్కర్లేదు. ఒంటరిగా పనిచేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. మానుకోవాల్సింది మధ్యరకాన్ని. ఫ్రేమంతా ఒకే బూడిద రంగులో, అన్నీ కొంచెం కొంచెం కనిపిస్తూ ఉంటే ఎంత డీటెయిల్ పోసినా సీన్ లేవదు.

నా గదికి లో కీ ఎంచుకున్నాను. పుస్తకాల అర చీకట్లో కలిసిపోయింది. దాని కోసం చేసిన నలభై పుస్తకాలూ తీసేశాను. మనసుకి కష్టమే, కానీ షాట్‌కి మంచిది.

నీడ ఆకారమా, ముఖమా?

సరళతకి పరాకాష్ఠ సిల్హౌట్, అంటే పాత్రని నల్లటి నీడ ఆకారంగా మాత్రమే చూపించడం. జర్మనీలో లోటే రైనిగర్ నల్ల అట్టని కత్తిరించి కీళ్లు అమర్చిన బొమ్మల్ని అద్దం బల్ల మీద పరిచి, కింది నుంచి వెలుగు పెట్టి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ 1926 నాటికే గంటకి పైగా సాగే సినిమా తీశారు. ముఖంలో కళ్లు, ముక్కు లేకపోయినా బొమ్మల కోపం, భయం, సిగ్గు తెలుస్తాయి. భావమంతా భంగిమలోనే ఉంటుంది కాబట్టి.

కథ శరీరం కదలికలో ఉంటే సిల్హౌట్ తీసుకోండి. కంటి చివర తడి, పెదవి వణుకు చూపించాలంటే అది చాలదు. ముఖం మీద కొంచెమైనా వెలుగు పడాలి.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పాత్రని పూర్తిగా నల్లరంగుతో నింపి చూడండి. నా అమ్మాయి కెమెరాకి ఎదురుగా కూర్చున్నప్పుడు ఉత్తరం ఆమె ఛాతీ ముందు పడి ఆ నలుపులో మాయమైపోయింది. ఏం చేస్తోందో తెలియలేదు. కుర్చీని పక్కకి తిప్పితే ఉత్తరం ముఖానికీ కిటికీకీ మధ్య ఖాళీలోకి వచ్చింది. వెన్నెల ముందు తెల్ల కాగితం అంచు, దాని వెనక ముక్కు, గడ్డం గీత. ఒక్క లైట్ కూడా ముట్టుకోకుండా సీన్ అర్థమైంది. పోజ్ ఇలా చదవడానికి వీలుగా ఉంటే ఆ పైన లైటింగ్‌తో ఏం చేసినా నిలబడుతుంది. లేకపోతే ఎన్ని లైట్లు పెట్టినా అది అతుకు వేసినట్టే ఉంటుంది.

త్రీ పాయింట్ లైటింగా, ఒక్క దీపమా?

కీ అంటే ప్రధానమైన వెలుగు, ఫిల్ అంటే నీడవైపుని కొంచెం తేల్చే వెలుగు, రిమ్ అంటే వెనక నుంచి అంచుల్ని వెలిగించేది. ట్యుటోరియల్ ఏది తెరిచినా మొదట నేర్పేది ఈ మూడే. ముఖం ఏ కోణంలోనైనా స్పష్టంగా కనబడాల్సిన చోట త్రీ పాయింట్‌ని మించింది లేదు. సంభాషణ ఎక్కువగా ఉన్న సీన్లు, నలుగురైదుగురు పాత్రలు అటూ ఇటూ తిరిగే సీన్లు, చిన్నపిల్లల సిరీస్ లాంటివాటికి అదే తీసుకోండి, సందేహం వద్దు. కానీ అందులో వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో ప్రేక్షకుడికి తెలియదు. తెలియనప్పుడు అది గది కాదు, స్టూడియో అవుతుంది.

సీన్‌లో కనిపించే ఏదో ఒక దాని నుంచే వెలుగు వస్తోందని నమ్మించడం రెండో పద్ధతి. లాంతరు కావచ్చు, కిటికీ, ఫోన్ స్క్రీన్, తెరిచిన ఫ్రిజ్ తలుపు కావచ్చు. వాతావరణం కావాలంటే నేను ఎప్పుడూ ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక్క దీపంతో వచ్చే ఇబ్బంది, ముఖంలో రెండో సగం నల్లగా మూసుకుపోవడం. వెంటనే ఫిల్ లైట్ పెట్టేయకండి. ముందు ఆ దీపం దేని మీద పడి తిరిగి వస్తుందో చూడండి. నా షాట్‌లో లాంతరు వెలుగు ఉత్తరం కాగితం మీద పడి, అక్కడి నుంచి ఎగసి ఆమె గడ్డం కిందకీ చెంపకీ చేరింది. ఉత్తరాన్ని ఇంకాస్త వంచితే ఆ మెత్తటి వెలుగు కళ్ల దాకా పాకింది. ఆమె ముఖాన్ని వెలిగిస్తున్నది ఆ ఉత్తరమే! ఏ ఫిల్ లైటూ ఈ అర్థాన్ని తెచ్చిపెట్టలేదు. ఇలాంటి కాగితం, గోడ, తెల్ల బట్ట ఏదీ అందుబాటులో లేనప్పుడు మాత్రం ఫిల్ పెట్టండి. కీలో సగం బలం ఉంటే సీన్ సౌమ్యంగా ఉంటుంది, ఎనిమిదో వంతుకి తగ్గిస్తే బరువుగా ఉంటుంది.

వెనక గోడ నల్లగా ఉండాలంటే ఒక మంచి ఉపాయం దూరాన్ని వాడుకోవడం. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. లాంతరు ముఖానికి అర మీటరు దూరంలో, గోడకి మూడు మీటర్ల దూరంలో ఉంటే గోడకి చేరేది ముఖానికి చేరేదాంట్లో ముప్పై ఆరో వంతే. అదే లాంతరుని ముఖానికి రెండు మీటర్లు, గోడకి మూడు మీటర్ల దూరంలో పెడితే గోడ మీద దాదాపు సగం వెలుగు పడుతుంది. కాబట్టి నేపథ్యం చీకటిగా కావాలంటే దీపాన్ని పాత్రకి దగ్గరగా జరిపి బలం తగ్గించండి. నేపథ్యమూ కనబడాలంటే దూరం జరిపి బలం పెంచండి. రెండింటికీ లైట్ ఒక్కటే, చోటు మాత్రమే వేరు.

హెచ్‌డీఆర్‌ఐ, అంటే చుట్టూ ఉన్న పరిసరాల ఫొటోనే వెలుగుగా వాడే పద్ధతి, దాని మాట కూడా చెప్పాలి. ఆరుబయట పగటి సీన్‌కి, వస్తువుని శుభ్రంగా చూపించడానికి బాగుంటుంది. రాత్రి గదికి అది చుట్టూ నుంచి వెలుగు పోసి మీరు కష్టపడి దాచిన చీకటినంతా కడిగేస్తుంది. వాడితే చాలా తక్కువ బలంతో వాడండి.

గట్టి నీడ, మెత్తటి నీడ

పాత్ర వైపు నుంచి చూస్తే వెలుగు మూలం ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంచు అంత మెత్తగా ఉంటుంది. సూర్యుడు నిజానికి బ్రహ్మాండమే అయినా మనకి ఆకాశంలో అర డిగ్రీ మేరే కనిపిస్తాడు, అందుకే ఎండలో నీడ అంచు పదునుగా ఉంటుంది. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా ఒకే లైట్ అవుతుంది, నీడ కరిగిపోతుంది. చందమామ కూడా అర డిగ్రీయే, కాబట్టి వెన్నెల నీడ పదునుగా ఉండటం సబబు.

నీడే బొమ్మ కావాల్సిన చోట గట్టి నీడ తీసుకోండి. నేల మీద కిటికీ ఊచల నీడ పడగానే గది ఆకారం, చంద్రుడి ఎత్తు, బయటి నిశ్శబ్దం అన్నీ తెలుస్తాయి. ముఖం మీద మెత్తటి నీడ ఉండాలి, లేకపోతే ముక్కు నీడ పెదవి మీద మరకలా కూర్చుంటుంది.

బయట చెట్టు ఉందని చెప్పాలా? చెట్టు చేయకండి. ఆకుల ఆకారంలో చిల్లులున్న ఒక పలకని లైట్ ముందు పెట్టి నెమ్మదిగా ఊపండి. గోబో అంటే ఇదే. గోడ మీద ఆకుల నీడ కదులుతుంటే చెట్టూ, గాలీ ప్రేక్షకుడి ఊహలో ఉంటాయి. వేల ఆకుల జామెట్రీ బదులు నాలుగు మూలల పలక ఒకటి సరిపోతుంది.

రంగు: రెండా, ఒకటా?

వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ వెచ్చగా (నారింజ వైపు), పెరిగేకొద్దీ చల్లగా (నీలం వైపు) ఉంటుంది. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్, పాతరకం ఫిలమెంట్ బల్బు 2700 నుంచి 3000, మధ్యాహ్నపు ఎండ 5500 ప్రాంతం. వెన్నెలని అందరూ నీలంగా వేస్తారు. నిజానికి వెన్నెల అంటే చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే, అది ఎండ కంటే నీలంగా ఏమీ ఉండదు. మసక వెలుతురులో మన కన్ను ఎరుపు కంటే నీలం వైపు ఎక్కువగా స్పందిస్తుంది. పర్కింజే ప్రభావం అంటారు దీన్ని. అందుకే నీలం వెన్నెల మనకి సహజంగా అనిపిస్తుంది. కానీ మసకలో రంగు కూడా పలచబడుతుంది కాబట్టి నీలాన్ని బాగా తగ్గించి వాడండి. ముదురు నీలం పోస్తే అది వెన్నెల కాదు, నియాన్ లైట్.

వెచ్చని లాంతరు, చల్లని వెన్నెల కలిపే పద్ధతి కొత్తవాళ్లకి సులువు. లోపలా బయటా అన్న తేడా వెంటనే వస్తుంది. అయితే రెండూ సరిసమానంగా ఉంటే ఫ్రేమ్ రెండు ముక్కలైపోతుంది. ఒకటి ఎక్కువ భాగం ఆక్రమించాలి, రెండోది చిటికెడు ఉండాలి. ఒకే రంగులో నలుపు తెలుపుల తేడాతో సీన్ నడపడం దీనికంటే కష్టం. కానీ దుఃఖానికీ, మంచుకీ, తెల్లవారుజామున రంగులు ఇంకా మేలుకోని వేళకీ అదే నప్పుతుంది. ఏది ఎంచుకున్నా ఒకసారి రంగు తీసేసి బూడిదలో చూడండి. అక్కడ సీన్ నిలబడకపోతే రంగు దాన్ని కాపాడలేదు.

పొగమంచు: అసలైనదా, పరదాలా?

రెండర్ సమయం, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునీ లెక్కగట్టి బొమ్మగా తయారుచేసే సమయం, ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చూద్దాం. దారులు మూడు.

మొదటిది అసలైన వాల్యూమెట్రిక్ పొగ, అంటే సీన్‌లోని గాలినే పొగగా లెక్కగట్టేది. అందులో వెలుగు కిరణాలుగా కనిపిస్తుంది, వస్తువులు పొగలోనే నీడ వేస్తాయి, దీపం కదిలితే పొగ కూడా దానికి తగ్గట్టు మారుతుంది. వేరే ఏ పద్ధతీ దీనికి సాటి రాదు. బదులుగా రెండర్ సమయం, నాయిజ్ (బొమ్మలో చుక్కచుక్కలుగా కనిపించే మచ్చలు) రెండూ పెరుగుతాయి. మొదటి తప్పు డెన్సిటీ (పొగ చిక్కదనం) ఎక్కువ పెట్టడం. సీన్‌ని మీటర్ల కొలతలో కట్టి, స్కాటర్ రంగు (పొగ చెదరగొట్టే వెలుగు రంగు) తెలుపుగా పెట్టుకుంటే, డెన్సిటీ 0.1 దగ్గర 10 మీటర్లు దాటేసరికి నేరుగా వచ్చే వెలుగులో 37 శాతమే మిగులుతుంది. వీధికి అది ఇప్పటికే చిక్కటి పొగ. 0.01తో మొదలుపెట్టి పెంచుకుంటూ రండి. కెమెరా దీపం వైపు చూస్తుంటే యానైసోట్రపీని (పొగలో వెలుగు ముందుకే ఎక్కువ చెదిరేలా చేసే సెట్టింగ్‌ని) 0.6 దాకా పెంచండి, దీపం చుట్టూ వెలుగు వలయం కడుతుంది.

రెండోది డెప్త్ లేదా మిస్ట్ పాస్. రెండర్ అయ్యాక కంపోజిటింగ్‌లో (బొమ్మల్ని కలిపి సవరించే దశలో) దూరాన్ని బట్టి పొగ రంగు కలుపుతారు. దాదాపు ఖర్చే లేదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కానీ దానికి వెలుగు దిశ తెలియదు, కిరణాలు రావు. వెంట్రుకలు, గాజు, మోషన్ బ్లర్ ఉన్న అంచుల దగ్గర గీతలు పడతాయి.

మూడోది పరదాలు. మెత్తటి పారదర్శక చిత్రం ఉన్న పలకల్ని మూడో నాలుగో, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి ఒక్కోదాన్ని ఒక్కో వేగంతో చాలా నెమ్మదిగా పక్కకి జరపడం. శైలీకృత సీన్లకి ఇది ఎంతో అందంగా ఉంటుంది. ముందు వరస చెట్లు దాదాపు నలుపు, తర్వాతి వరస బూడిద, చివరి వరస ఇంచుమించు ఆకాశం రంగు. మధ్యలో పరదాలు. మూడు వరసలతోనే మైళ్ల దూరం అనిపిస్తుంది. ఎందుకంటే దూరంలో ఉన్నవాటి నలుపు తేలిపోతూ అవి ఆకాశంలో కలవడమే మన కన్ను దూరంగా చదువుకునేది. కెమెరా నిలకడగా ఉన్నప్పుడూ, మెల్లగా ముందుకి కదిలేటప్పుడూ పరదాలు పనిచేస్తాయి. కెమెరా పక్కకి తిరిగితే పలక అని బయటపడుతుంది. పలక నేలని తాకే చోట గీత పడకుండా కింది అంచుని కరిగించండి.

ఒక్కరే చేస్తుంటే నా సలహా ఇది: బయటి సీన్లకి పరదాలు, పైన కాస్త మిస్ట్ పాస్. దీపమే కదిలే సీన్లకి, టార్చ్ పట్టుకుని నడిచే సీన్ లాంటివాటికి, అసలైన వాల్యూమ్. మిగతా చోట్ల దాని జోలికి వెళ్లకండి. ఉత్తరం గదిలో నేను మొదట నిజమైన పొగ పెట్టాను. గది మాసిన గుడ్డలా అయింది, ఎంతో కష్టపడి తెచ్చుకున్న నలుపు పోయింది. దాన్ని తీసేసి, కిటికీ నుంచి నేల దాకా వాలుగా ఉండే పారదర్శక ఆకారం ఒకటి పెట్టాను. పైన కొంచెం తెలుపు, కిందకి వచ్చేసరికి శూన్యం. వెన్నెల లోపలికి వస్తోందని చెప్పడానికి అదే సరిపోయింది.

ఈవీనా, సైకిల్సా?

ఈ రెండూ బ్లెండర్‌లో రెండర్ చేసే ఇంజిన్లు: ఈవీ వేగంగా పనిచేస్తుంది, సైకిల్స్ వెలుగుని కచ్చితంగా లెక్కగడుతుంది కానీ నెమ్మది. లెక్కతో మొదలుపెడదాం. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున పది సెకన్లకి 240 ఫ్రేములు. ఫ్రేమ్‌కి 5 నిమిషాలు పడితే 20 గంటలు, 10 సెకన్లు పడితే 40 నిమిషాలు. సైకిల్స్‌లో నాయిజ్ సగం కావాలంటే శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి లెక్కగట్టే వెలుగు కిరణాలు) నాలుగింతలు కావాలి. చీకటి గది, చిన్న కిటికీ నుంచి వెలుగు అంటే సైకిల్స్‌కి అత్యంత కష్టమైన సీన్లలో ఒకటి.

సిల్హౌట్లు, పరదాలు, ఫ్లాట్ రంగులు ఉన్న సీన్లకి సైకిల్స్ అక్కర్లేదు. ఈవీ చాలు. 2024లో వచ్చిన బ్లెండర్ 4.2 వెర్షన్‌తో ఈవీని తిరగరాశారు, నీడలూ ప్రతిఫలనాలూ బాగా మెరుగయ్యాయి. వెలుగు ఒకదాని మీద పడి ఇంకోదాన్ని వెలిగించడమే సీన్‌కి ప్రాణమైతే సైకిల్స్ తీసుకోండి. నా ఉత్తరం షాట్ సైకిల్స్‌లోనే చేశాను. ఈవీలో చేయాల్సి వస్తే ఉత్తరం ముందు చిన్న ఏరియా లైట్ పెట్టి, నీడ ఆపేసి ఆ వెలుగుని నమ్మించేదాన్ని.

డీనాయిజర్‌ని (నాయిజ్‌ని నున్నగా చేసే సాధనాన్ని) ఒక ఫ్రేమ్ చూసి నమ్మకండి. విడిగా చూస్తే గోడ నున్నగా ఉంటుంది, వరసగా ఆడిస్తే అదే గోడ మీద మరకలు ఉడుకుతున్నట్టు కదులుతాయి. పూర్తి రెండర్ మొదలుపెట్టే ముందు వరస 24 ఫ్రేములు రెండర్ చేసి చూసుకోండి.

2డీలో పనిచేసేవాళ్లకి ఇదంతా ఇంకా తేలిక. ఫ్లాట్ రంగుల మీద ఒక మల్టిప్లై లేయర్‌లో (కింది రంగుల్ని ముదురు చేసే పొరలో) చల్లని ఊదారంగు పూర్తిగా పరిచి, దీపం వెలుగు పడే చోట మాస్క్‌తో తెరవండి. ఆ తెరిచిన చోట మీద యాడ్ లేయర్‌లో (వెలుగు పెంచే పొరలో) కొంచెం నారింజ. రెండు లేయర్లలోనే రాత్రి వస్తుంది.

కదిలేది ఏదో ఒక్కటే

లాంతరు మంట ఊగాలంటే దాని బలానికి సైన్ వేవ్ ఇవ్వకండి. లయ తప్పకుండా పెరిగి తగ్గితే యంత్రం అనిపిస్తుంది. క్రమం లేని నాయిజ్ ఇచ్చి మార్పుని పది శాతం లోపల ఉంచండి. లైట్ చోటుని కూడా ఒకటి రెండు సెంటీమీటర్ల మేర కదిలించండి. నీడలు కూడా కదిలితేనే అది మంట అనిపిస్తుంది. నా గదిలో మొదట కర్టెన్ కూడా ఊగేది. బాగానే ఉంది కానీ చూపు అటు పోయింది. కర్టెన్ ఆపాక ఉత్తరం పట్టుకున్న బొటనవేలు కాగితం అంచుని నలపడం కనిపించింది.

వీడియోగా మార్చేటప్పుడు

చీకటి సీన్ ఎక్కువగా పాడయ్యేది ఈ చివరి మెట్టు మీదే. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. గోడ మీద నెమ్మదిగా చీకట్లోకి జారే వెలుగు అందులో ఇరవై మెట్లే వాడుకుందనుకోండి. 1920 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో మెట్టూ 96 పిక్సెళ్ల పట్టీగా కనబడుతుంది. కంప్రెషన్ ఆ పట్టీల్ని ఇంకా మొద్దుగా చేస్తుంది. 10 బిట్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే తగ్గుతుంది, కానీ చూసేవాళ్ల దగ్గరికి చేరేది చాలాసార్లు 8 బిట్టే. అందుకని ఫ్రేముల్ని 16 బిట్ ఈఎక్స్ఆర్‌గా (మెట్లు చాలా ఎక్కువగా ఉండే ఫైల్ రకం) రెండర్ చేసి, కంపోజిటింగ్ అంతా అయ్యాక ఆఖరున సన్నటి గ్రెయిన్ (ఇసక రేణువుల్లాంటి చుక్కలు) వేయండి. పట్టీల అంచులు చెదిరిపోతాయి.

ఆ వీడియోని ఫోన్‌లో, పగటి వెలుతురులో, బ్రైట్‌నెస్ సగం పెట్టుకుని చూడండి. ముఖం కనబడకపోతే మొత్తం ఎక్స్‌పోజర్ పెంచకండి, గోడ కూడా లేచి ముందుకి వచ్చేస్తుంది. లాంతరుని పది సెంటీమీటర్లు ఆమె దగ్గరికి జరిపి మళ్లీ ఒక్క ఫ్రేమ్ రెండర్ చేసి చూసుకోండి.